కట్ట విప్పని పుస్తకాలు: సరిహద్దులో చిన్న ప్రచురణకర్తకు సమస్య - పరిష్కారం

మొదటి పుస్తకం వేసినప్పుడు 500 కాపీలు విజయవాడలో అచ్చేయించి, ఒడిశాలోని బరంపురంలో మా ఇంటి ముందు గదిలో దించుకున్నాను. ఏడాది తిరిగాక లెక్క చూస్తే 310 కాపీలు అక్కడే ఉన్నాయి. సగానికి పైగా కట్టలకు తాడు కూడా విప్పలేదు. చదివినవాళ్లు మాత్రం ఫోన్ చేసి మరీ మాట్లాడారు. అంటే తప్పు పుస్తకంలో లేదు, పుస్తకానికీ పాఠకుడికీ మధ్య దారిలో ఉంది. ఆ దారి ఎక్కడెక్కడ తెగిందో తర్వాతి మూడు పుస్తకాలతో ఒక్కొక్కటిగా తెలుసుకున్నాను.

ఒడిశా సరిహద్దు జిల్లాలైన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో తెలుగు పుస్తకం అమ్మడం గుంటూరులోనో వరంగల్‌లోనో అమ్మడం లాంటిది కాదు. ఇక్కడ మన భాష ఇంట్లో, బజారులో, చేపల రేవులో వినిపిస్తుంది. బోర్డుల మీద, బడి పుస్తకాల్లో అంతగా కనిపించదు. మన పాఠకుడికి తెలుగు ముందు చెవికి తెలుసు, తర్వాతే కంటికి. కింద చెప్పిన వాటిలో సగం పరిష్కారాలు ఈ సంగతి నుంచే వచ్చాయి.

సమస్య: ఆవిష్కరణ రోజు హాలు నిండింది, మర్నాటి నుంచి ఒక్క కాపీ కదల్లేదు

కారణం వేదిక మీదే ఉంటుంది. వచ్చిన 80 మందిలో 50 మందికి మనమే ఉచితంగా పంచేస్తాం. అతిథికి ఒకటి, అధ్యక్షులవారికి ఒకటి, శాలువా కప్పినవారికి ఒకటి, ఫొటోలో నిలబడ్డవారందరికీ తలా ఒకటి. కొనగలిగినవాళ్లు, కొనాలనుకున్నవాళ్లు కూడా వాళ్లే. పైగా వక్తలు కథంతా చెప్పేస్తారు. ఇక ఇంటికెళ్లి చదవడానికి ఏం మిగులుతుంది?

అచ్చుకి ఇవ్వకముందే ఉచిత కాపీల జాబితా రాసి పెట్టుకోండి. 500కి 40 దాటనివ్వకండి. జాబితాలో లేనివారికి ఎంత దగ్గరివారైనా సరే, "కొని చదవండి మాస్టారూ, అదే నాకు ఆశీర్వాదం" అని చెప్పడం నేర్చుకోవాలి. మొదటిసారి నోరు రాదు, రెండోసారికి అలవాటవుతుంది. ప్రసంగాలు రెండుకి తగ్గించి, ఆ సమయంలో పుస్తకంలోంచి మూడు పేజీలు గొంతెత్తి చదివించండి. మంచి పట్టులో ఆపేయండి. ఒక్క సభకు పెట్టే ఖర్చుతో నాలుగు ఇళ్ల అరుగుల మీద ఇలా పైకి చదివే కూటాలు నాలుగు పెట్టొచ్చు. మా మూడో పుస్తకానికి సభే పెట్టలేదు, ఆ కూటాలే పెట్టాను.

సమస్య: తెలుగు మాట్లాడేవాళ్లు ఇంతమంది ఉన్నా పుస్తకం తీసుకుని తిప్పి కింద పెట్టేస్తున్నారు

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. గోపాలపూర్‌లో ఒక సాయంత్రం చిన్న బల్ల మీద పుస్తకాలు పరిచాను. సముద్రం పక్క ఊళ్ల కథల పుస్తకం అది. పదిహేడేళ్ల కుర్రాడొకడు వచ్చి అట్ట మీది పడవ బొమ్మను వేలితో తడిమాడు. పేజీలు తిప్పాడు. "ఇందులో మా పేట గురించి ఉందా అన్నా?" అని అచ్చమైన తెలుగులో అడిగాడు. ఉంది, 42వ పేజీ అని తెరిచి ఇచ్చాను. ఆ పేజీ వైపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి, "మీరే చదవండి" అన్నాడు.

వాడు చదివింది ఒడియా బడి. లెక్కలూ సైన్సూ ఒడియాలో, ఇంటికొస్తే అమ్మతో తెలుగు. మన అక్షరాలు వాడికి ఎవరూ నేర్పలేదు. ఆ పేజీ నేను చదువుతుంటే పక్కన వల బాగుచేసుకుంటున్న ఇద్దరు పెద్దవాళ్లు కూడా దగ్గరికొచ్చారు. చదవడం అయ్యాక కుర్రాడు పుస్తకం కొన్నాడు. "మా మామ్మకి ఇస్తాను, ఆవిడకి కూడబలుక్కుని చదవడం వచ్చు" అన్నాడు.

కాబట్టి ఇక్కడ "తెలుగువాళ్లు పుస్తకాలు కొనరు" అనే మాట పక్కన పెట్టండి. లిపి రాకపోవడం వేరు, ఆసక్తి లేకపోవడం వేరు. ఏది అడ్డమో తెలియాలంటే ఒక పేరా పైకి చదివి మనిషి మొహం చూడండి, వెంటనే తెలుస్తుంది. లిపే అడ్డమైతే మాకు పనికొచ్చినవి ఇవి.

వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్ వేసి, దాన్ని పుస్తకంలోని ఒక అధ్యాయం ఆడియోకి కలపండి. ఎనిమిది పది నిమిషాలు చాలు. స్టూడియో అక్కర్లేదు. ఫ్యాన్ ఆపి, తలుపులు వేసి, పరుపులున్న గదిలో ఫోన్‌తో రికార్డు చేస్తే గొంతు శుభ్రంగా వస్తుంది. చదివేవారు మాత్రం ఈ ప్రాంతపు మనిషై ఉండాలి. మన యాసలో వింటేనే ఇది మనదనిపిస్తుంది.

అక్షరం సైజు పెంచండి. పెద్దవాళ్లే చదువుతారనుకున్న పుస్తకానికి 14 పాయింట్లకు తగ్గకూడదు. నాలుగు పేజీలు పెరిగితే పెరగనివ్వండి.

వెనక అట్ట మీద నాలుగు వరుసల పరిచయం ఒడియా భాషలో వేయండి. అది చదివి పిల్లలు పెద్దవాళ్ల కోసం కొంటారు. ఇంకో అడుగు వేసి, తెలుగు వాక్యాలనే ఒడియా లిపిలో ఒక పేజీ వేసి చూశాం. కుర్రాళ్లు తమ ఇంటి మాట తమ బడి అక్షరాల్లో చదువుకుని నవ్వుకున్నారు. ఇక్కడో చిక్కుంది. ఒడియా లిపిలో ఎ, ఏ లకు ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ అంతే. "మెడ", "మేడ" ఒకేలా కనిపిస్తాయి, "ఒడి", "ఓడి" కూడా. అకారాన్ని వాళ్లు కొంచెం "ఒ" లాగా పలుకుతారు. అందుకని అలాంటి జంట మాటలు తగలని వాక్యాలు ఎంచుకుని, అచ్చుకి వెళ్లేముందు ఒడియా బడిలో చదివే పిల్లాడి చేత ఒకసారి పైకి చదివించండి. వాడు తడబడ్డ చోటల్లా మాట మార్చండి.

సమస్య: షాపుకి ఇచ్చిన పుస్తకాలు లేవు, డబ్బూ లేదు

ఒక పెద్ద ఊళ్లో ఒక షాపుకి 60 కాపీలు ఇచ్చాను. ఎనిమిది నెలల తర్వాత వెళితే, "అప్పుడున్న కుర్రాడు మానేశాడండీ, ఎన్ని ఇచ్చారో మాకు తెలియదు" అన్నారు. నా దగ్గరా కాగితం లేదు. నమ్మకం మీద ఇచ్చాను, అంతే.

కాగితం లేకపోవడం ఒక కారణం, ఒకేసారి ఎక్కువ ఇవ్వడం ఇంకో కారణం. అయిదు కాపీలు ఇవ్వండి, డెలివరీ చలానా రాసి, షాపువారి సంతకం తీసుకోండి, మీ దగ్గర నకలు ఉంచుకోండి. 90 రోజులకు లెక్క అని చలానా మీదే రాయండి. అయిదూ అమ్మితే డబ్బు తీసుకుని ఇంకో అయిదు ఇవ్వండి. తక్కువ ఇస్తే వాళ్లకీ గుర్తుంటుంది, ఎదురుగా పెడతారు.

దీని వెనకే ధర సంగతి కూడా ఉంది. మనం చాలాసార్లు అచ్చు ఖర్చు మీద కాస్త వేసి ధర పెట్టేస్తాం. కాపీకి 55 రూపాయలు పడిందనుకుందాం, 100 అని వేస్తాం. షాపుకి 40 శాతం కమీషన్ పోతే చేతికి 60 వస్తుంది. పార్శిల్ ఖర్చు 10 అయితే ప్రతి కాపీకీ 5 రూపాయలు నష్టం. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం. అందుకని ధర ఎప్పుడూ కమీషన్ ఎక్కువ పోయే చోటు నుంచి వెనక్కి లెక్కకట్టాలి. ఇదే పుస్తకానికి 150 పెడితే షాపులో 90 చేతికొస్తుంది, 25 మిగులుతుంది. మీ దగ్గరే కొన్నవారికి 120కి ఇచ్చినా బాగానే ఉంటుంది. పాఠకుడు కాస్త ధర తేడాకు వెనకాడడు. ఎక్కడ దొరుకుతుందో తెలియకే వెనకాడతాడు.

సమస్య: ఫోన్‌లో పేరు కొట్టి వెతికితే మా పుస్తకం రావడం లేదు

కంప్యూటర్‌లో పేజీలు కట్టే డీటీపీ వాళ్లు ఇప్పటికీ చాలాచోట్ల అను అనే పాత తరహా ఫాంట్లు వాడతారు. అచ్చుకి అది చక్కగానే ఉంటుంది. ఆ ఫైలులోంచి ఒక పేరా కాపీ చేసి వేరేచోట పెడితే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. సెర్చ్‌కి అది తెలుగని తెలియదు. అట్ట బొమ్మ మాత్రమే పోస్ట్ చేసినా, అందులోని పేరు సెర్చ్‌కి అందుతుందని నమ్మకం లేదు.

పుస్తకం పేరు, రచయిత పేరు, పరిచయం, ఒక అధ్యాయం యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ సెర్చూ తెలుగుగా గుర్తుపట్టే పద్ధతిలో, టైపు చేసి పెట్టుకోండి. కన్వర్టర్‌తో మార్చితే ఒత్తులు, అరసున్నాలు ఒకసారి కళ్లతో చూసుకోండి, అక్కడే తప్పులు దొర్లుతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసే తీరు ఒక్కటే ఖాయం చేసుకుని అన్నిచోట్లా అదే వాడండి. ఒకచోట రెండు "ఏ"లు, ఇంకోచోట ఒకటి రాస్తే ఒకే పుస్తకం రెండుగా కనిపిస్తుంది.

పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన 13 అంకెల ఐఎస్‌బీఎన్ కూడా తీసుకోండి. మన దేశంలో రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే మధ్యవర్తులు అక్కర్లేదు. అచ్చుకి ముందే పెట్టుకోవాలి, వెనక అట్ట మీద అంకె పడాలి కదా.

సమస్య: వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో 200 మందికి పంపాను, ఎవరూ పలకలేదు

మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. మిగతావారికి అసలు వెళ్లదు. పుస్తకం అమ్మిన ప్రతిసారీ, "నా నంబరు సేవ్ చేసుకోండి, కొత్తది వస్తే చెప్తాను" అని అక్కడికక్కడే చేయించండి. పంపేది కూడా అట్ట బొమ్మ ఒక్కటే కాకుండా, ఒక నిమిషం చదివిన ఆడియో, ధర, యూపీఐ క్యూఆర్, ఈ మూడూ ఒకే మెసేజ్ వెంట ఉండాలి. "కావలసినవారు సంప్రదించండి" అంటే ఆ సంప్రదించడం దగ్గరే సగం మంది ఆగిపోతారు.

సమస్య: పోస్టు ఖర్చు పుస్తకం ధరలో సగం అవుతోంది

2025 మే 1 నుంచి తపాలా శాఖ పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. మొదలుపెట్టినప్పుడు ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. డెమీ సైజులో 160 పేజీల పుస్తకం ప్యాకింగ్‌తో కలిపినా 300 గ్రాముల్లోపే ఉంటుంది. నేల దారిన వెళ్తుంది కాబట్టి నెమ్మది, కానీ ఎక్కడుందో చూసుకోవచ్చు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రెస్ పేరో ఉండాలి, లోపల ప్రకటన కాగితాలు పెట్టకూడదు. కౌంటర్‌లో సేవ పేరు చెప్పి అడగండి, లేకపోతే స్పీడ్ పోస్ట్ కొట్టేస్తారు.

కవరు లోపల ప్లాస్టిక్ చుట్టు తప్పనిసరి. స్టాకుకీ ఇదే మాట. మన తీరానికి అక్టోబరు అంటే తుఫాను నెల. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ కూడా అక్టోబరులోనే వచ్చింది. కట్టలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. చెమ్మ పట్టిన పుస్తకాన్ని ఏ ప్రచారమూ అమ్మలేదు.

సమస్య: పుస్తక ప్రదర్శనలో స్టాల్ అద్దెకే అమ్మకం చాలలేదు

నాలుగు పుస్తకాలున్న ప్రచురణకర్త సొంత స్టాల్ పెట్టడం తొందరపాటు. విజయవాడ, హైదరాబాద్ ప్రదర్శనలకు వేరేవారి స్టాల్‌లో ఒక అర అడిగి, కమీషన్ ఇచ్చి, మీరు రెండు రోజులు వెళ్లి అక్కడ నిలబడండి చాలు.

మన జిల్లాలకు అంతకన్నా మంచి రోజు ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో, సవర భాష మీద పనిచేసిందీ అక్కడి నుంచే. వాడుక భాష కోసం పోరాడిన మనిషి మన మధ్య బతికారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఆయన పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న పర్లాకిమిడిలో, పక్కనే ఉన్న పాతపట్నంలో, ఇటు ఇచ్ఛాపురంలో బడులు, తెలుగు సంఘాలు సభలు పెట్టుకుంటాయి, వాళ్లకి చదవడానికి ఏదో ఒకటి కావాలి. జూలై మొదటివారంలోనే వెళ్లి హెడ్‌మాస్టరుగారిని కలిసి, ప్రసంగం అడగకుండా, పిల్లల చేత అరగంట చదివిస్తామని చెప్పండి. పోయినసారి ఒక బడిలో 22 కాపీలు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మమ్మలు.

సమస్య: 500లో 40 మిగిలాయి, మళ్లీ 500 వేయాలా?

వేయకండి. ఎక్కడెక్కడ అమ్ముడయ్యాయో, అమ్మకాలు రాసుకున్న నోటుబుక్కులో చూడండి. చివరి 100 కాపీలు అమ్మడానికి రెండు నెలల్లోపే పట్టి, కొత్త ఊళ్ల నుంచి అడుగుతుంటే అప్పుడు ఆలోచించొచ్చు. ఏడాది పట్టిందంటే డిజిటల్ ప్రెస్‌లో 50 వేయించండి. కాపీకి ఖర్చు ఎక్కువే, కానీ ముందు గదిలో కట్టలు పేరుకోవు. ఆ 50 వేసేటప్పుడే, మొదటి ముద్రణలో పాఠకులు చూపించిన అచ్చుతప్పులు దిద్దేయండి.