వేసవిలో అనంతగిరి కొండల్లో నడక: ఎలా వెళ్లాలి, అక్కడ ఎలా మసలుకోవాలి?

మే నెల వచ్చిందంటే విశాఖలో ఉక్కపోతకి ఇంట్లో కూర్చోలేం. పిల్లలకి సెలవులు ఇవ్వగానే సగం ఊరు ఎస్.కోట మీదుగా అరకు దారి పడుతుంది. 2022లో జిల్లాలు విడిపోయాక అనంతగిరి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ, విశాఖవాళ్లకి అవి ఇప్పటికీ ఇంటి వెనక కొండల్లాంటివే. టైడాలోనో అనంతగిరిలోనో ఒక గది తీసుకుని, తెల్లారి కాసేపు కొండల్లో నడిచి రావడం చాలా మంచి ఆలోచన. కాకపోతే చలికాలం నడక వేరు, వేసవి నడక వేరు. వేసవిలో ఎండుటాకుల మీద కాలు జారుతుంది, మధ్యాహ్నం దాటాక పిడుగులు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, గెడ్డల్లో, అంటే కొండ వాగుల్లో, నీళ్లు సన్నబడిపోతాయి. ఆ కాస్త నీళ్ల మీదే కొండ మీద ఊళ్లు బతుకుతున్నాయన్న సంగతి మనసులో పెట్టుకుని బయల్దేరాలి.

రెండు వారాల ముందు

విశాఖలోనే మాధవధార నుంచి సింహాచలం వైపు కొండ మీదుగా పాత మెట్ల దారి ఉంది. ఒక ఆదివారం పొద్దున్నే అది ఎక్కి దిగండి. కొత్త బూట్లు మడమ దగ్గర ఎక్కడ ఒరుసుకుంటాయో, పిల్లలు ఎంతసేపటికి "ఇంకెంత దూరం?" అంటారో అక్కడే తెలిసిపోతుంది. అది కుదరకపోతే కంబాలకొండలో నడిచినా చాలు.

గది బుక్ చేసేటప్పుడు

ఏసీ ఉందా, టీవీ ఉందా అని అందరూ అడుగుతారు. మీరు ఇంకో మూడు అడగండి. నీళ్లు ఏ వేళల్లో వస్తాయి? పొద్దున ఐదింటికి గేటు తీస్తారా? దారి తెలిసిన మనిషిని ఎవరినైనా మాట్లాడిపెడతారా?

గేటు సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి మేం దిగిన లాడ్జిలో తాళం చెవి ఉన్న మనిషి ఏడున్నర దాకా రాలేదు. ఎనిమిదింటికి నడక మొదలుపెట్టి, పదకొండింటికి చెట్టు నీడ అన్నదే లేని గుట్ట మీద ఇరుక్కున్నాం. మా బావమరిదికి రెండు పిక్కలూ పట్టేశాయి. తెచ్చుకున్న నీళ్లు అప్పటికే అయిపోయాయి. ఆ రోజు కిందికి దిగడానికి మూడు గంటలు పట్టింది. ఇప్పుడైతే ముందు రోజు రాత్రే తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కుని, అతనితో స్వయంగా మాట్లాడాకే పడుకుంటాను.

ఎన్నింటికి బయల్దేరాలి

మే నెలలో మన దగ్గర ఐదున్నర లోపే సూర్యుడు వస్తాడు. బాగా వెలుతురు వచ్చాక బయల్దేరి, పది లోపు లాడ్జికి చేరేలా చూసుకోండి. చీకటితో మాత్రం వద్దు. ఇప్పపువ్వుకీ అడవి పళ్లకీ ఎలుగుబంట్లు తిరిగే వేళ అది. నలుగురు కలిసి, మామూలుగా మాట్లాడుకుంటూ నడిస్తే మనిషి అలికిడికి అవే తప్పుకుంటాయి.

కొండ మీద చల్లగానే ఉంటుంది కదా అని నీళ్లు తగ్గించుకోకండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గే మాట నిజమే, కానీ ఎక్కేటప్పుడు ఒంట్లోంచి పోయే చెమట అంతకంత ఉంటుంది. సగం రోజు నడకకి మనిషికి మూడు లీటర్లు ఉండాలి, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా. టిఫిన్ కోసం ఆగక్కర్లేదు. రాత్రి అన్నంలో పెరుగు కలిపి ఉంచుకుని, పొద్దున ఉల్లిపాయ నంజుకుని తిని వెళ్తే పది దాకా ఆకలి తెలీదు, దాహమూ తక్కువ.

నడుస్తున్నవాళ్లలో ఎవరికైనా తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే నీడలో కూర్చోబెట్టి కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. మాట తడబడుతోంది, ఒళ్లు కాలిపోతోంది అంటే అది వడదెబ్బ. ఒళ్లంతా తడిపి, విసురుతూ, 108కి ఫోన్ చేయాలి. లోపల చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి చివరగా సిగ్నల్ ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకుంటూ నడవండి.

దారిలో

ఈ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. ఇక్కడి ఖోండు ఆదివాసుల పేరే ఆ రాయికి పెట్టారు. ఎండకీ వానకీ అది చివికి ఎర్రమట్టి, చిన్న చిన్న గులకలు అవుతుంది. వేసవిలో వాటి మీద ఎండుటాకులు పరుచుకుంటాయి. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించదు, దిగేటప్పుడు మాత్రం గోలీల మీద నడిచినట్టే ఉంటుంది. కాస్త పక్కకి తిరిగి, మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులతో దిగండి. చేతిలో కర్ర ఉంటే ముందు ఆకుల్ని కదిపి చూడొచ్చు, పాములుంటే తప్పుకుంటాయి.

పశువుల దారులూ ఊరివాళ్ల అడ్డదారులూ ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. అందుకే ఊళ్లోని కుర్రాణ్ని ఒకణ్ని తోడు తీసుకెళ్లడం మంచిది. ఎంత ఇవ్వాలో బయల్దేరకముందే మాట్లాడుకోండి, దిగాక బేరాలొద్దు. కొండ చరియలకి పెద్ద తేనెపట్లు కనిపిస్తే ఆగకుండా, చప్పుడు చేయకుండా దాటిపోండి. సెంటు రాసుకుని రావద్దని ముందే అందరికీ చెప్పండి.

మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడితే, వారం పది రోజులకి కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. కొమ్మ పొడుగునా గుత్తులు, అచ్చం మల్లెపూల వాసన. మూడు నాలుగు రోజులే ఆ పూత. తలలో పెట్టుకోవాలనిపిస్తుంది, నిజమే. కానీ కోసిన ఒక్కో పువ్వూ రైతుకి ఒక కాఫీ కాయ నష్టం. పక్కనే నిలబడి వాసన చూడండి, ఫొటో తీసుకోండి. సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగల్ని కూడా లాగొద్దు.

మబ్బు పట్టిందంటే

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక గాలికొండ వైపు మబ్బులు గోపురాల్లా లేస్తాయి. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలోనే మీరున్నట్టు. శిఖరం మీద నుంచి వెంటనే దిగిపోవాలి. ఒంటరి చెట్టు కిందికి వెళ్లకూడదు. లాడ్జికో కారులోకో చేరి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి రావాలి. ఫోన్లో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక వస్తుంది.

గెడ్డ దగ్గర

చాలా ఏళ్ల కిందటి మాట. మూడు గంటలు నడిచి, ఒక గెడ్డ కనిపించగానే ఆగాం. మోకాలి లోతు కూడా లేదు, రాళ్ల సందుల్లోంచి సన్నగా పారుతోంది. నేను సబ్బు తీసి చొక్కా ఉతకడం మొదలుపెట్టాను. నురగ తేలుతూ కిందికి పోతోంది. కాసేపటికి తలెత్తి చూస్తే, ఇరవై అడుగుల కింద ఒకావిడ రెండు బిందెలు పక్కన పెట్టుకుని, చేతిలో గిన్నెతో అలాగే నిలబడి ఉంది. నురగ పోవడం కోసం చూస్తోంది. ఎంతసేపు నిలబడిందో తెలీదు. నేను చూశాక మాత్రం "కిందన తాగడానికి పడతన్నాం బాబూ" అంది, కోపం లేకుండా. గిన్నెడు గిన్నెడు తోడితే ఒక బిందె నిండటానికి పావుగంట పట్టింది. సబ్బు వాసన పూర్తిగా పోయిందో లేదో అని ఆవిడ మొదటి గిన్నె నీళ్లు వాసన చూసి పారబోయడం నేను మర్చిపోలేను.

అప్పటి నుంచీ మా వాళ్లందరికీ ఒకటే మాట చెప్తాను. గెడ్డలో సబ్బు, షాంపూ, డిటర్జెంట్ ఏదీ కలపొద్దు. చేతులు కడుక్కోవాలన్నా సీసాలో నీళ్లు పట్టుకుని, గట్టు మీదికి దూరంగా వచ్చి కడుక్కోండి. ఊట గుంటలోకి కాళ్లు పెట్టొద్దు. మలమూత్రాలకి నీటికి కనీసం డెబ్బై అంగలు (సుమారు రెండు వందల అడుగులు) దూరం పోయి, గుంట తీసి మట్టి కప్పండి. కటికి జలపాతం మే నెలలో సన్నని ధారలా ఉండొచ్చు. ఎలా ఉందో ముందే కనుక్కుని వెళ్లండి, అక్కడి పాచి రాళ్ల మీదికి పిల్లల్ని ఎక్కనివ్వకండి.

లాడ్జిలోనూ అంతే. బకెట్ స్నానం చాలు. కుళాయి కారుతుంటే చెప్పి బాగు చేయించుకోండి. ఆ ట్యాంకులోకి నీళ్లు వచ్చేది అదే కొండలోంచి.

ఊళ్లోంచి వెళ్లేటప్పుడు

చైత్రంలో ఇక్కడి ఆదివాసులకి ఇటుకల పండగ. మగవాళ్లు వేటకి అడవిలోకి వెళ్తారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, పాడుతూ వచ్చేపోయేవాళ్లని డబ్బులు అడుగుతారు. అది వాళ్ల ఆచారం. చిల్లర దగ్గర పెట్టుకుని నవ్వుతూ ఇవ్వండి, హారన్ కొట్టి దబాయించకండి. ఆ రోజుల్లో తోడు లేకుండా అడవి లోపలికి వెళ్లొద్దు.

ఫొటో తీసే ముందు అడగండి. జీలుగు చెట్లకి కట్టిన కల్లు కుండల జోలికి పోవద్దు. ఘాట్ రోడ్డులో కోతులకి ఏమీ పెట్టకండి, తినడం అలవాటైతే తర్వాత వచ్చే పిల్లల చేతుల్లోంచి లాక్కుంటాయి.

నిప్పు

వేసవి అడవిలో సిగరెట్ కాల్చొద్దు, క్యాంప్‌ఫైర్ వద్దు. బొంగు చికెన్ తినాలంటే రోడ్డు పక్క అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కోండి. ఎక్కడైనా పొగ కనిపిస్తే లాడ్జివాళ్లకి వెంటనే చెప్పండి.

తిరిగి వచ్చేటప్పుడు

రాత్రి తొమ్మిది దాటాక పాటలు ఆపేయండి, పక్క గదిలోవాళ్లు కూడా తెల్లారి నాలుగున్నరకి లేవాల్సినవాళ్లే. నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు, పిల్లల డైపర్లు అన్నీ ఒక సంచిలో కట్టి కారు డిక్కీలో పెట్టుకోండి. లాడ్జి వెనక పడేస్తే గాలికో వానకో గెడ్డలోకే పోతాయి. ఘాట్ దిగాక రోడ్డు పక్కన కూడా వదలొద్దు. ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున మీ వీధికొచ్చే చెత్త బండికి ఇవ్వండి.