తొలిచూలు పిల్ల పుడితే ఏం చేయాలి?

మా సండే స్కూలు పిల్లలను పశువు తొలిచూలు మగపిల్లను దేవునికివ్వాలనే బైబిల్ చట్టం చదివేటప్పుడు ఇశ్రాయేలు కాపరి స్థానంలో నిలబడమంటాను. ముందు చూడాల్సింది రెండు: పుట్టింది మగదేనా, తల్లికి తొలిచూలేనా. దూడ, గొర్రెపిల్ల, మేకపిల్ల అయితే బదులిచ్చి విడిపించుకునే వీల్లేదు. ఏడు రోజులు తల్లి దగ్గర ఉంచి ఎనిమిదో రోజున దేవునికివ్వాలి అంటుంది నిర్గమకాండం 22. ఆ కోడెతో పని చేయించకూడదు, ఆ గొర్రె బొచ్చు కత్తిరించకూడదు. కుంటిదో గుడ్డిదో అయితే బలికి పనికిరాదు. ఊళ్లోనే తినవచ్చు, రక్తాన్ని మాత్రం నీళ్లలా నేలమీద పారబోయాలి.

గాడిదపిల్ల దగ్గర నేనెప్పుడూ ఆగుతాను. బదులుగా గొర్రెపిల్లనివ్వాలి, లేదంటే దాని మెడ విరగదీయాలి. ఎంత కఠినం!

బలి ఇచ్చిన తొలిచూలు పిల్ల మాంసం సంఖ్యాకాండం 18లో యాజకునిది. ద్వితీయోపదేశకాండం 15లో యజమాని కుటుంబం ఏటా దేవుని సన్నిధిలో తినాలి. రెండింటినీ కలిపేయకుండా పక్కపక్కనే చదవండి.