డొమైన్ కొనే ముందు మీ ఫోన్ నంబర్ సంగతి చూసుకోండి

బెంగళూరు మారతహళ్లిలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేసే మా వదినకి డాట్ కామ్ డొమైన్ (వెబ్‌సైట్ పేరు) కొనిపెట్టేటప్పుడు నేను ముందు చూసింది ధర కాదు, ప్రైవసీ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందా అని. అది ఉంటే హూయిజ్ రికార్డులో, అంటే డొమైన్ ఎవరిదో ఎవరైనా చూడగలిగే వివరాల్లో, మన పేరు, నంబర్ బయటపడవు. డొమైన్లు అమ్మే చాలా రిజిస్ట్రార్ కంపెనీలు దీన్ని ఉచితంగానే ఇస్తాయి. డబ్బులడిగితే వేరేచోట కొనండి.

భయపడి తప్పుడు అడ్రస్ మాత్రం రాయొద్దు, డొమైనే పోవచ్చు. ఈ పనికి వేరే ఈమెయిల్ పెట్టుకోండి, కానీ రోజూ చూడండి. దానికి వచ్చే వెరిఫికేషన్ లింకు 15 రోజుల్లోపు నొక్కకపోతే సైట్ ఆగిపోతుంది.

డాట్ ఇన్ డొమైన్లకి ఇలా పేరు దాచే ప్రాక్సీ సేవలు ఒప్పుకోరు. అక్కడ ఆర్గనైజేషన్ గడిలో రాసింది అందరికీ కనిపిస్తుంది. "షాపు పేరే రాయండి వదినా" అన్నాను.

కొన్నాక, డొమైన్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు కొట్టి చూడండి. ఫోన్ నంబర్ కనిపిస్తే ఆ రోజే రిజిస్ట్రార్‌కి రాయండి.