బెజవాడ, గుంటూరుల్లో మొదటిసారి ఆస్తి కొంటున్నారా? డబ్బు ఇలా సమకూర్చుకోండి

పోరంకిలో ఫ్లాటు చూసినా, గుంటూరు గోరంట్ల వైపు ప్లాటు చూసినా బ్రోకరు మొదట చెప్పే మాట ఒకటే: "లోను వస్తుందండీ, టెన్షన్ పడకండి." రావచ్చు. కానీ పెట్టుబడి కోసం మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది లోను పోగా మిగిలిన సొమ్ము దగ్గర. లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1. చేతి సొమ్ము ఎంత కావాలో తేల్చుకోండి

ఆర్‌బీఐ నిబంధన ప్రకారం హోమ్ లోను 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. 30 నుంచి 75 లక్షల లోనుకు 80 శాతం, ఆ పైన 75 శాతం పరిమితి. రిజిస్ట్రేషన్ ఖర్చులు సాధారణంగా ఈ విలువలో కలపరు. మన రాష్ట్రంలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం.

కానూరులో 45 లక్షల ఫ్లాటు అనుకోండి. బ్యాంకు 36 లక్షలు ఇస్తే, మీరు పెట్టాల్సింది 9 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు ఇంకో 3.4 లక్షలు వేసుకోండి. మొత్తం 12.4 లక్షలు.

ఇక్కడే అమ్మేవాళ్లు "30 లక్షలకే రాయిద్దాం, మిగతాది చేతికివ్వండి" అంటారు. స్టాంపు డ్యూటీ కలిసొస్తుందని మనకూ ఆశ పుడుతుంది. బ్యాంకు చూసేది కాగితం మీది ధర. 90 శాతం ఇచ్చినా 27 లక్షలే. మిగిలిన 18 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 2.25 లక్షలు కలిపితే మీ చేతి సొమ్ము 20 లక్షలు దాటుతుంది. పైగా ఆస్తి లావాదేవీలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర 30 లక్షలుగానే లెక్కకొచ్చి లాభం మీద పన్ను పెరుగుతుంది. ఒప్పుకోకండి.

2. ప్లాటా, ఫ్లాటా? లోను రెండింటికీ ఒకలా ఉండదు

ఫ్లాటుకు అద్దె వస్తుంది. అయితే ఆ అద్దెతో ఈఎంఐ తీరిపోతుందనుకోవద్దు. 36 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే ఈఎంఐ సుమారు 31,240. అద్దె 14 వేలు వచ్చినా నెలనెలా 17 వేల పైచిలుకు జేబులోంచి తీయాలి. మెయింటెనెన్స్, ఖాళీగా ఉండే నెలలు వేరే.

ప్లాటుకు అసలు అద్దే లేదు. బ్యాంకులు ప్లాటు లోను ఇచ్చేది అనుమతి ఉన్న లేఅవుట్లకే. బ్రోచర్ మీద "సీఆర్‌డీఏ ప్రపోజ్డ్" (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థకు ప్రతిపాదించారు) అని ఉంటే అది అనుమతి కిందకు రాదు. ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) అడిగి సీఆర్‌డీఏ దగ్గర సరిచూసుకోండి. ఇల్లు కట్టేవరకు ప్లాటు లోను వడ్డీకి పన్ను మినహాయింపు కూడా ఉండదు. ధర పెరుగుతుందన్న ఒక్క ఆశ మీద లోను తీసుకునేవాళ్లు, 2019లో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక అమరావతి చుట్టుపక్కల బేరాలు ఎలా చల్లబడ్డాయో అక్కడ కొన్నవాళ్లను అడగండి.

3. మార్జిన్ డబ్బు (లోను పోగా మీరు పెట్టాల్సింది) ఎక్కడి నుంచి?

సొంత పొదుపు అన్నిటికన్నా మేలు, అందులో వాదన లేదు. ఆ తర్వాత మన ఊళ్లలో చాలామందికి గుర్తొచ్చేది చీటీ. రెండేళ్ల తర్వాత కొనాలనుకునేవాళ్లకు ఇది బాగానే పనికొస్తుంది. నెలకు 20 వేల చొప్పున 50 నెలల 10 లక్షల చీటీని మొదట్లోనే పాడితే తగ్గింపు ఎక్కువ పోతుంది. ఆపైన మిగిలిన వాయిదాలు కడుతూనే ఈఎంఐ కూడా కట్టాలి. జామీనుకు ప్రభుత్వ ఉద్యోగిని తెమ్మనవచ్చు, అదొక తిప్పలు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రార్ అనుమతి ఉన్న చీటీయే కట్టండి. తెలిసినవాళ్లే కదా అని వీధిలో చీటీ వేస్తే, మునిగినప్పుడు చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

బంగారం తాకట్టు లోను తక్కువ మొత్తానికి, ఏడాదిలో తీర్చే దారి కనపడితేనే.

ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి తేవడం మాత్రం వద్దు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 10 లక్షలకు నెలకు 20 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అదే 10 లక్షలు బ్యాంకులో 8.5 శాతానికి 20 ఏళ్లకైతే అసలుతో కలిపి ఈఎంఐ 8,700 లోపే. ఏ ప్లాటూ ప్రతి ఏడాదీ 24 శాతం పెరగదు.

మార్జిన్ ఎలాగూ కుదరకపోతే అన్నదమ్ములో, భార్యాభర్తలో కలిసి మార్జిన్ వేసుకుని లోను పెట్టుకోవచ్చు. స్నేహితులతో కలిసి కొంటే అందరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించండి. చేతిలో వేలల్లోనే ఉంటే షేర్ల లాగా కొనే రీట్ (చాలామంది డబ్బు కలిపి అద్దెకిచ్చే భవనాల్లో పెట్టే ఫండ్) యూనిట్లతో మొదలుపెట్టవచ్చు.

4. అడ్వాన్స్ ఇచ్చే ముందు

క్రెడిట్ రిపోర్ట్ ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది. ముందే తెప్పించుకుని తప్పులుంటే సరిచేయించండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీసి, లింకు డాక్యుమెంట్లతో (పాత దస్తావేజులు) పోల్చండి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక) ఉందేమో చూడండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) పరిధిలోని కొత్త ప్రాజెక్టులో అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. అగ్రిమెంట్‌లో "బ్యాంకు లోను రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి" అన్న ఒక్క లైను రాయించండి. మొహమాటపడితే ఆ డబ్బు పోయినట్టే.

5. లోను చేతికొచ్చాక

ఆరు నెలల ఈఎంఐ విడిగా పెట్టుకోండి. వ్యక్తుల పేరున ఉన్న ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోనును ముందే తీర్చినా పెనాల్టీ లేదు కాబట్టి, బోనస్ వచ్చినా పంట డబ్బు వచ్చినా కొంత అసలుకు కట్టేయండి. లోను మొత్తం తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇవ్వాలని ఆర్‌బీఐ 2023లో చెప్పింది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు పరిహారం ఇవ్వాలి. కాగితాలు తీసుకున్న రోజే ఇంకో ఈసీ తీయించి, తనఖా పోయిందో లేదో చూసుకోండి.