ఇంట్లో బిడ్డకి సీఏహెచ్ అని తేలితే జీన్ టెస్టులు ఎలా చేయించుకోవాలి?

సీఏహెచ్ అంటే కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా, కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి తప్పనిసరైన హార్మోన్ కార్టిసాల్‌ని సరిగా తయారు చేయలేకపోవడం. 100లో 90 మందికి పైగా ఇది 6వ క్రోమోజోమ్ మీదున్న సీవైపీ21ఏ2 జీన్‌ వల్లే వస్తుంది. అమ్మ ఇచ్చిన కాపీ, నాన్న ఇచ్చిన కాపీ రెండూ పాడైతేనే జబ్బు, ఒక్కటే పాడైతే క్యారియర్, వాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి ఆ సంగతే తెలీదు. అందుకే "మా వంశంలో ఎవరికీ లేదండీ" అన్న మాట దగ్గర ఆగిపోకండి.

ముందుగా అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర కూర్చుని మూడు తరాల వాళ్ళని కాగితం మీద గీయండి. పుట్టి నెల తిరక్కుండానే పోయిన పిల్లలున్నారా అని నెమ్మదిగా అడగండి. ఈ జబ్బున్న మగపిల్లలు బయటికి మామూలుగానే కనిపిస్తారు, వాళ్ళలో చాలామంది రెండో మూడో వారంలో ఒంట్లో ఉప్పు పోయి పాలు తాగరు, వాంతులు చేసుకుని నీరసించిపోతారు, దిష్టి తగిలిందనో పాలు పడలేదనో అనుకుని ఊరుకున్న ఇళ్ళున్నాయి. ఆడపిల్లలకైతే పుట్టుకతోనే జననాంగాల్లో తేడా కనిపించొచ్చు. మేనరికం, మేనమామ సంబంధం ఉంటే దాచకుండా రాయండి, ఒకే పూర్వీకుడి పాడైన కాపీ రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం అక్కడ ఎక్కువ, ఇందులో ఎవరి తప్పూ లేదు.

తర్వాత టెస్టు ముందు బిడ్డకే, తల్లిదండ్రులకి కాదు. ఊదా రంగు మూత ట్యూబులో కొంచెం రక్తం తీస్తారు, పరగడుపున ఉండక్కర్లేదు, మందులు ఆపక్కర్లేదు, అసలు ఆపకూడదు. ఇక్కడ చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు, ఎందుకంటే ఈ జీన్ పక్కనే పనిచేయని కవల లాంటి జీన్ ఒకటుంది, జీన్లన్నిటినీ ఒకేసారి చదివే మామూలు ఎక్సోమ్ టెస్టు ఆ రెంటినీ కలగాపులగం చేసేస్తుంది. కాబట్టి ల్యాబ్‌ని ముందే అడగండి, "సీవైపీ21ఏ2కి విడిగా చేస్తారా, ఎంఎల్‌పీఏ కూడా చేస్తారా?" అని. ఎంఎల్‌పీఏ అంటే జీన్‌లో ముక్క పోయిందా, ఎక్కువైందా అని చూసే టెస్టు. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో చూపించుకుని అడగొచ్చు.

బిడ్డలో ఏ మ్యుటేషన్ (జీన్‌లో మార్పు) దొరికిందో దాన్ని మాత్రమే అమ్మానాన్నల్లో వెతుకుతారు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పుకీ 25 శాతం, ఒకసారి వచ్చింది కదా ఇక రాదులే అనుకోవడానికి లేదు, ప్రతిసారీ లెక్క మొదటికే వస్తుంది. ఈ రిపోర్టులన్నీ మళ్ళీ గర్భం రాకముందే చేతిలో ఉండాలి. గర్భంలో 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి ముక్క తీసి చూస్తారు, బిడ్డ మ్యుటేషన్ అప్పటిదాకా తెలియకపోతే వెతకడానికి టైమే సరిపోదు. ఈ టెస్టు రిజిస్టర్ అయిన సెంటర్లోనే చేయాలి, ఆడా మగా అనేది చెప్పరు. టెస్టు వద్దనుకుంటే కాన్పు చేసే డాక్టర్‌కి ముందే చెప్పి, బిడ్డ పుట్టాక మడమ నుంచి రక్తం తీసి, ఈ జబ్బుంటే పెరిగే హార్మోన్‌ని కొలిచే టెస్టు 17-ఓహెచ్‌పీ చేయించండి.

బాబాయిలు, పిన్నులు, మేనత్తలకి కూడా చెప్పండి, వాళ్ళలో ఒక్కొక్కరికీ క్యారియర్ అయ్యే అవకాశం దాదాపు సగం ఉంటుంది, ముఖ్యంగా మళ్ళీ మేనరికం మాటలు నడుస్తుంటే.

ఈలోగా బిడ్డ ఫైల్లో ఒక కాగితం పెట్టుకోండి, జబ్బు పేరు, మందుల డోసులు, జ్వరమొస్తే కార్టిసాల్ బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ ఎన్ని రెట్లు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఏ ఇంజెక్షన్ ఎంత చేయాలి అన్నీ మీ డాక్టర్ చేత రాయించి సంతకం పెట్టించండి, అర్ధరాత్రి తెలియని హాస్పిటల్‌కి వెళ్తే డ్యూటీ డాక్టర్‌కి ముందు ఆ కాగితమే చూపించండి.