బోడసరం మొక్కను గుర్తుపట్టడం ఎలా?

వరి కోసి కుప్పలేశాక, పల్లపు మడుల్లో తేమ ఆరకముందే మోళ్ల మధ్య ఊదా రంగు గుండ్లు కనిపిస్తాయి. అదే బోడసరం. చామంతి, పొద్దుతిరుగుడుల కుటుంబానిదే అయినా చుట్టూ రేకులు ఉండవు, అందుకే బోడ. సంస్కృతంలో ముండి అన్నదీ ఆ గుండును చూసే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం స్ఫీరాంథస్ ఇండికస్‌.

వెతకడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. నాగావళి, వంశధార కింది పల్లపు మడులు, చెరువు గర్భాలు, శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు బీల (చిత్తడి నేల) అంచులు చూడండి. మెట్ట చేలల్లో తిరగడం కాళ్లకు శ్రమే. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, స్కేలు, బ్లేడు ఉంటే చాలు.

1. ఎత్తు చూడండి. మామూలుగా 15 నుంచి 30 సెంటీమీటర్లు. కొమ్మలు పక్కలకు పరుచుకుంటాయి.

2. కాండం తడమండి. అసలు గుర్తు ఇదే, తొందరపడేవాళ్లు వదిలేసేదీ ఇదే. ఆకు అడుగు భాగం కాండం వెంట కిందికి సాగి, పలచని ఆకుపచ్చ రెక్కలా అంటుకుని ఉంటుంది. ఆ రెక్క అంచుకు రంపపు పళ్లుంటాయి. పువ్వు కాడకూ ఇదే తీరు. రెక్క ఉండి పళ్లు లేకపోతే అది దీని దగ్గరి చుట్టం స్ఫీరాంథస్ ఆఫ్రికానస్ కావచ్చు.

3. ఆకు నలపండి. ఘాటైన వాసన, వేళ్లకు కాస్త జిగురు. ఆకులకు తొడిమ ఉండదు. ఒక్కో కణుపుకు ఒక్కటే ఆకు.

4. గుండు కోయండి. అడ్డం సుమారు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు. నిలువునా చీల్చి భూతద్దంలో చూస్తే నడిమి దిమ్మ చుట్టూ చిన్న చిన్న పూగుత్తులు కిక్కిరిసి ఉంటాయి. చామంతిలో మనం పువ్వనుకునేది ఒక గుత్తి; ఇక్కడ గుత్తులే కలిసి ఒక గుండు.

రంగు చూసి తేల్చేస్తే పొరపాటు పడతారు. బొగడబంతి గుండూ ఊదాగానే ఉంటుంది, కానీ ముట్టుకుంటే కాగితంలా గలగలలాడుతుంది, ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. అత్తిపత్తి గులాబీ బంతి మెత్తని కుచ్చు. ఆకు తాకితే ముడుచుకుంటుంది, కాండానికి ముళ్లు. అదే తడిలో పెరిగే గుంటగలగరకు తెల్లని పూలు, ఎదురెదురు ఆకులు.

పువ్వును మాత్రమే ఫొటో తీస్తే ఎవరూ తేల్చలేరు. స్కేలు పక్కన పెట్టి మొక్క మొత్తం, కాండం మీది రెక్క, ఆకు మొదలు, కోసిన గుండు, ఇలా నాలుగు తీయండి. గుర్తుపట్టాం కదా అని మందుగా మాత్రం నోట్లో వేసుకోకండి, అది వైద్యుల పని.

ఎండలు ముదిరాక వెళ్తే గుండ్లు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి, ఊదా జాడే ఉండదు. అప్పుడు ఎండిన కాండాన్నే తిప్పి చూడండి. పళ్ల రెక్క ఇంకా అంటుకునే ఉంటుంది.