అమ్మానాయినను హోమ్‌ల ఉంచినంక చూడబోయినప్పుడు ఏం చూడాలె

మా నల్గొండ దిక్కు శానా ఇండ్లల్ల పిల్లలు హైదరాబాద్‌ల, బెంగళూరుల ఉంటున్నరు, ఊర్లె ముసలోళ్లను చూసెటోళ్లు లేక ఓల్డేజ్ హోమ్‌ల చేర్పిస్తున్నరు. చేర్పించేటప్పుడు రూమ్ ఎట్లున్నది, నెలకు ఎంత అని అందరం అడుగుతం, ఆ తర్వాత ఏం చూడాల్నో ఎవ్వరు చెప్పరు. మా నాయిన కూడ హోమ్‌లనే ఉంటడు కాబట్టి నాకు తెల్సినయి రాస్తున్న.

ఫోన్ చేసి పోవద్దు. ఆదివారం పగటిపూట అందరు పోతరు, అప్పటికి స్నానాలు చేపిచ్చి పౌడర్ రాసి కుర్చీలల్ల కూసోబెట్టి రెడీగ ఉంచుతరు. నడిమిట్ల ఒక రోజు రాత్రి తినే యాళ్లకు పోయి చూడుర్రి, చేతులు వణికే మనిషి ముంగట ప్లేట్ పెట్టి పోతున్నరా, పక్కన కూసోని తినిపిస్తున్నరా, నీళ్ల గ్లాసు చెయ్యికి అందేంత దగ్గర ఉన్నదా. ముసలోళ్లకు దాహం సరిగ తెల్వది, అడగరు కూడ.

మంచానికే ఉన్నోళ్లయితే మొహం కన్న ముందు మడమలు చూడాలె. దుప్పటి తీసి మడమలు, నడుము కింద తోకెముక, తుంటి పక్కలు చూడుర్రి. ఎర్రగ ఉంటే వేలుతో ఒత్తి వదలాలె, తెల్లగ కాకుండ ఎరుపు అట్లనే ఉంటే పడకపుండు (ఒక్క తీరుగ పండుకుంటే ఒత్తుకపోయి లేసే పుండు) మొదలైతున్నట్టే. నల్లటి తోలు మీద ఎరుపు కనపడదు, అప్పుడు పక్క తోలు కన్న వేడిగ, గట్టిగ ఉన్నదా అని చెయ్యి పెట్టి చూడాలె. మామూలుగ రెండు గంటలకొకసారి మనిషిని ఇంకో పక్కకు తిప్పాలె. ఎయిర్ బెడ్ కొనిచ్చినం కదా అని తిప్పుడు బంద్ పెడ్తరు, ఒప్పుకోకుర్రి. డైపర్ తడి మీదనే ఉంటే పుండు ఇంకా జల్ది లేస్తది.

మర్రిగూడ, మునుగోడు దిక్కోళ్లకు ఇంకో మాట. ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగినోళ్లకు ఎముకలు బిగుసుకపోయి మెడ తిరగదు, నడుము వంగదు. వేరే జాగ నుంచి వచ్చిన ఆయాకు ఇదంత తెల్వక చెయ్యి పట్టి గుంజి లేపుతది, ఈయన కేక పెడ్తడు, "మస్తు సతాయిస్తడు" అని పేరు పడ్తది. అందుకే చేరిన రోజే ఆయాను పిలిచి ఏ కీలు వంగుతది ఏది వంగదు అని చూపెట్టాలె. మా నాయినకైతే ముందు మెల్లగ పక్కకు తిప్పి, కాళ్లు మంచం కిందికి దించి, భుజం వెనక చెయ్యేసి కూసోబెట్టాలె, నేనే చేసి చూపెట్టిన. నైట్ డ్యూటీ ఆయాకు మళ్ల చెప్పాలె, పొద్దటామె చెప్పదు. నన్నడిగితే మేనేజర్‌తోని కన్న ఆ రాత్రి ఆయాతోని దోస్తానం ముఖ్యం.

లేచి వచ్చేటప్పుడు "ఇంటికి తోల్కపోరాదురా" అంటరు. రేపు తోల్కపోతా అని తప్పించుకోకుర్రి, మతి మంచిగున్నోళ్లు ఆ రేపటికి బట్టలు సర్దుకోని కూసుంటరు. దసరాకు రెండు రోజులు ఊరికి పోదం అనుర్రి, అది కూడ నిజంగ తోల్కపోతేనే. మతిమరుపు ఉన్నోళ్లతోని వాదించి లాభం లేదు, ఇంటి ముచ్చట్లే తీయాలె, బర్రెలు, బాయికాడి మోటరు, పత్తి, వాళ్లు చెప్పుకుంట పోతరు. చాయ్ వచ్చే యాళ్లకు లేస్తే వాళ్ల ధ్యాస చాయ్ మీదికి పోతది, పోవుడు కొంచెం సులువైతది.

ఊర్ల దావత్‌కు పోతే చుట్టాలు అంటరు, ఆస్తి తిని నాయినను ఆశ్రమంల ఏసిండని. కొట్లాడకుర్రి. "నాయిన నిన్ను అడుగుతుండు కాకా, ఈ వారం నాతోని రా" అనుర్రి చాలు, సగం మంది సప్పుడు జేయరు, వచ్చినోళ్లు నిజంగనే పనికొస్తరు. అన్నదమ్ములల్ల ఎవరు పైసలు పంపుతరు ఎవరు పోయొస్తరు అనేది ముందే వాట్సాప్‌ల రాసిపెట్టుకోవాలె, నోటిమాట నిలవదు.

ఇగ రాత్రి సీరియస్ అయితే ఏ దవాఖానకు తీస్కపోతరు, సంతకానికి ఎవరు ఉరుకాలె అనేది ఇవ్వాళ్లనే అడిగి గోలీల చిట్టితోని కలిపి పెట్టుకోండి. పుండ్లు లేచినా, దెబ్బలు కనపడ్డా ఫోటో తీసి ముందు మేనేజర్‌కు చూపెట్టుర్రి, పట్టించుకోకపోతే ముసలోళ్ల కోసం ఉన్న సర్కారు హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయుర్రి, ఫ్రీ నంబర్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాక ఎత్తుతరు.